కోడలు పలికిన పేరు

మామ అని చెప్పి వెంట తెచ్చిన ముసలాయన పేరేమిటని అడగ్గానే జోగమ్మ తడుముకోకుండా చెప్పేసింది.

“కన్నయ్య.”

మనోజ్‌కుమార్ రాసుకున్నాడు. పక్కనే కూర్చున్న దుర్గాదేవి మాత్రం ఉలిక్కిపడి, తాగుతున్న టీ గ్లాసు కింద పెట్టింది.

భిలాయి ఉక్కు కాలనీలో ఒక సెక్టార్ తెలుగువాళ్ళ సంఘం హాలు కొన్నాళ్ళుగా పెళ్ళిళ్ళకి దొరకడం లేదు. అడవి ఊళ్ళ నుంచి వచ్చిన కుటుంబాలతో నిండిపోయింది. అక్కడ ఒకవైపు అన్నలు, ఒకవైపు పోలీసులు. మధ్యలో నలిగే జనం ఊరు వదిలి వస్తామంటే ఒక స్వచ్ఛంద సంస్థ తలకింత అని డబ్బిచ్చి, ఉండడానికి గది చూపిస్తోంది. మనోజ్‌కుమార్ ఆ సంస్థలో ఉద్యోగి. పుట్టి పెరిగింది భిలాయిలోనే కాబట్టి హిందీ వచ్చినంత ధారాళంగా తెలుగు రాదు. శబరి ఏటి ఒడ్డు నుంచి వచ్చిన జోగమ్మకేమో హిందీ ముక్క రాదు. అందుకని మాట సాయానికి పిన్నిని పిలుచుకొచ్చాడు.

దుర్గాదేవి పిలవగానే వచ్చింది కానీ, అన్నింటికీ తలూపే మనిషి కాదు. కాలనీ వినాయకుడి ప్రసాదంలో పులిహోర తగ్గిందని కమిటీ మొత్తాన్ని నిలబెట్టి కడిగేసిన ఘనురాలు.

సంస్థకి ఒక నియమం ఉంది. కుటుంబంగా వచ్చినవాళ్ళనే తీసుకుంటారు. ఒంటరిగా వస్తే ఎటువైపు మనిషో తెలియదని తీసుకోరు. తలకింత అనేసరికి కొందరు పరాయివాళ్ళని మా అత్త, మా మామ అని చెప్పి వెంట తెచ్చారు. అలా పట్టుబడ్డవాళ్ళని సాయంత్రం వ్యానులో వెనక్కి పంపేస్తున్నారు.

“ఎనక్కెళ్తే ఏటవుద్దిరా?” అని దుర్గాదేవి పొద్దున్నే అడిగింది.

మనోజ్ మొహం తిప్పుకున్నాడు. “డబ్బిస్తామన్నా రాలేదంటే, ఎందుకు రాలేదని పోలీసులు అడుగుతారు కదా పిన్నీ. ఇంక అక్కడ మిగిలినవాళ్ళందరూ దుష్మన్ కిందే లెక్క.”

ఆ మాట ఆమెకి సుతరామూ నచ్చలేదు. వచ్చినవాళ్ళకి చేసే సాయం రానివాళ్ళ ప్రాణం మీదకి తెస్తుంటే అదేం సాయమని నిలదీసింది. అయినా మోసం మోసమే. నిజంగా కష్టంలో ఉన్న కుటుంబానికి దక్కాల్సిన గది, ఎవడో దొంగ మామకి పోకూడదు కదా.

ఇప్పుడు ఆమె ఉలిక్కిపడడానికి కారణం ఉంది. కాసేపటి కింద మొగుడి పేరు అడిగితే జోగమ్మ నోరు విప్పలేదు. పెనిమిటి పేరు పలకకూడదని, కూతురి వీపు తట్టి దానిచేత “సోమయ్య” అని చెప్పించింది. పోయిన ఎండాకాలం ఇప్పపువ్వు ఏరడానికి వెళ్తూ మందుపాతర తొక్కాడట. చనిపోయిన మొగుడి పేరే నోట రానివ్వని మనిషి, ఎదురుగా కూర్చున్న మామ పేరు అంత తేలిగ్గా ఎలా పలుకుతుంది? దుర్గాదేవి పుట్టిన శ్రీకాకుళం వైపూ ఇదే ఆచారం. ఆమె తన మామగారి పేరు ఈరోజుకీ పలికి ఎరగదు. రేషను షాపులో అడిగినా పక్కవాళ్ళచేత చెప్పించేది. క్వార్టర్లలో పెరిగిన మనోజ్‌కి ఈ సంగతులేం పడతాయి!

ఒకసారి అనుమానం వచ్చాక అన్నీ కనపడతాయి. టీ వచ్చినప్పుడు జోగమ్మ గ్లాసు ముసలాయన చేతికివ్వలేదు. నేల మీద పెట్టి జరిపింది. ఆయన తలెత్తకుండా తీసుకున్నాడు. ఈమె నీ కోడలేనా అని మనోజ్ అడిగితే, ఏం చెప్పమంటావన్నట్టు జోగమ్మ కాళ్ళ వైపు చూశాడు. పిల్లయినా తాతా అని దగ్గరకి పోలేదు.

బేరం కుదుర్చుకుని తెచ్చిన ముసలాడే. దుర్గాదేవికి ఒళ్ళు మండిపోయింది.

బయట వ్యాను హారన్ కొట్టింది. ఎవరెవరు ఎక్కాలో డ్రైవరుకి చెప్పడానికి మనోజ్ లేచి వెళ్ళాడు. దుర్గాదేవి కుర్చీ దగ్గరకి లాక్కుంది.

“నిజం సెప్పు. ఆయన నీ మావ కాడు. ఆయన వాటాలో నీకెంత?”

జోగమ్మ బెదరలేదు. “ఆ పైసలు ఆయన చేతికే ఇయ్యండి, నాకొద్దు. ఎనక్కి మాత్రం పంపకమ్మా. పంపితే చంపుతరు.”

“మరి నీకేటవుతాడు?”

జోగమ్మ కూతుర్ని ఒళ్ళోకి లాక్కుని, దాని చెవులు రెండూ అరచేతులతో మూసి, మెల్లగా చెప్పింది.

దుర్గాదేవి గుమ్మం పక్కన ముడుచుకుని కూర్చున్న ముసలాయన వైపు చూసింది. ఆయన ఇంకా నేల చూపులే చూస్తున్నాడు. ఆమె కళ్ళు తుడుచుకోబోయి, మనోజ్ లోపలికి రావడం చూసి ఆగిపోయింది.

“పిన్నీ, జల్దీ చెప్పు. ముసలాయన్ని వ్యానెక్కించాలా?”

దుర్గాదేవికి అబద్ధం అలవాటు లేదు.

“ఒద్దు. సొంత మావే. రాసుకో బాబూ.”

జోగమ్మ ఆమెకి చెప్పింది ఒక్క మాటే: “మా పిల్ల తండ్రి తొక్కిన మందుపాతర పాతింది, ఈ ముసలాయన కొడుకేనమ్మా.”