తేటపడిన నీళ్లు

వెల్లింగ్టన్‌లో తను పనిచేసే ల్యాబ్‌కు షీనా తండ్రిని తీసుకెళ్లింది. బట్టలకు అద్దే ఎర్రరంగు కలిసిన నీళ్లలో, రసాయనం పట్టించిన ఇనుప పొడి వేసి కలిపింది. కాసేపటికి నీళ్లు తేటపడ్డాయి.

క్యాన్సర్‌తో పోయిన అమ్మ ఉంటే ఎంత మురిసిపోయేదో అనుకుంది.

ఆశీర్వాదం ఆ గాజుపాత్రను ఎత్తి వెలుతురులో చూశాడు. “ఇంక తాగొచ్చా అమ్మా?”

“అయ్యో, వద్దు నాన్నా! రంగు పోయింది గానీ విషం పోలేదు. దానికి ఇంకో ఫిల్టర్ కావాలి.”

ఆయన పాత్రను మెల్లగా కింద పెట్టాడు.

“మన బావిలో గూడా అద్దకం ఫ్యాక్టరీవాళ్లు ఇట్టాంటి పొడే వేసిపోయారు. దేవుడు మొర విన్నాడని మీ అమ్మ ప్రార్థన చేసి తొలిబిందె తోడింది.”

కిటికీ అద్దాలు గాలికి అదురుతున్నాయి.

“ఎర్రగా ఉన్నన్నాళ్లూ ఆ నీళ్లు ముట్టలేదు తల్లీ.”