గొట్టంలో ఆగిన మందు

ఎవరికి అన్యాయం జరిగింది? ఒక నర్సుకు. మందు గొట్టం మూసుకుపోయినప్పుడు, లోపల పెరిగిన ఒత్తిడిని ముందుగా వదలకుండా, మత్తుమందు ఇచ్చే డాక్టరే గొట్టానికున్న కుళాయి తిప్పాడు. పేరుకున్న మందంతా ఒక్క ఉదుటున నరంలోకి దూకి రోగి ప్రాణం తీసింది. నర్సే తిప్పిందని అతడు బొంకాడు. ఆ నింద మోయలేక ఆమె మంచం పట్టి కన్నుమూసింది.

ఈ రాత్రి ఆపరేషన్ బల్లమీద రోగిగా ఉన్నది ఆ డాక్టరే. రెండు పంపుల మందులు ఒకే సూదిలోకి దిగుతున్నాయి. మత్తుకు అతని నాలుక అప్పటికే పడిపోయింది. చెవులు మాత్రం మేలుకుని ఉన్నాయి. పంపు కూత పెట్టింది.

"లైను మూసుకుంది. ఏమ్మా, ఉన్నావా?" అన్నాడు కుర్ర డాక్టరు, తల తిప్పకుండా.

రక్తం కోసం వెళ్ళిన నర్సు ఇంకా తిరిగి రాలేదు. అయినా బల్లమీది డాక్టరు చెవి పక్కనే, ఎరిగిన గొంతు పలికింది.

"ఉన్నాను సార్." ఆపైన మెల్లగా, అతనికి మాత్రమే: "నేనే తిప్పానన్నారుగా? ఇదిగో, తిప్పుతున్నా."

పేరుకున్న చల్లని మందు ఒక్క ఉదుటున మోచేయి దాటింది. పాత బాకీ వడ్డీతో సహా తీరింది.