బుల్డోజరు గంట ఖర్చు

ఇరవై ఎనిమిది రూపాయలు. బుల్డోజరు ఒక్క గంట నడిస్తే అయ్యే ఖర్చు అది. గుమాస్తా గురురాజ్ పది రోజులు డేరాలో కూర్చుని పైసాతో సహా తేల్చాడు.

అరవై అయిదో సంవత్సరం. మస్కి దగ్గర పిల్లకాలువ తవ్వకం. మట్టిపని గుత్తకు తీసుకున్నది రాయచూరు బజారు వ్యాపారి పాండురంగయ్య. తవ్వుతున్నది చంద్రబండ నుంచి వచ్చిన నలభై మంది ఆడవాళ్ళు. వాళ్ళందరికీ పెద్ద అంబమ్మ. ఆ ఏడు ఊళ్ళో వానల్లేవు, జొన్న మొలవలేదు. ఇక్కడ రోజుకు రూపాయిన్నర కూలి దొరకబట్టి నలభై ఇళ్ళలో పొయ్యి వెలుగుతోంది.

అలాంటి చోటికి ఒక ఉదయం లారీ మీద బుల్డోజరు వచ్చింది. ట్రాక్టరుకు గొలుసు కట్టి కిందికి లాగారు. దుమ్ము పడకుండా ముందుభాగానికి టార్పాలిన్ చుట్టారు. కావలికి దుర్గప్ప అనే మనిషిని పెట్టారు. "లచ్చా ఇరవై వేల సామాను, చెయ్యి పెట్టొద్దు" అంటూ అతను మేకల్ని కూడా దాని దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

అంబమ్మ నేరుగా పాండురంగయ్య దగ్గరికి వెళ్ళింది.

"దీన్ని నడిపిస్తవా సావుకారీ?"

"గంటకు ఎంత పడతదో తెల్వకుండ చుక్క డీజిల్ పొయ్య. లెక్క తేలనీ. మీకన్న అగ్గువ పడితే అదే తవ్వుతది. మీరు ఊరికి పోవచ్చు."

ఖర్చు తెలియందే కాలు బయటపెట్టడని బజారులో ఆయనకు పేరు. ఆ మాట అంబమ్మకు సబబుగానే తోచింది.

గురురాజ్ నిఖార్సయిన మనిషి. యంత్రంతో వచ్చిన లావుపాటి పుస్తకం ముందేసుకున్నాడు. డీజిలు, గ్రీజు, డ్రైవరు జీతం, దుర్గప్ప జీతం, పెట్టుబడికి వడ్డీ. అతని కలం దేన్నీ వదల్లేదు. మధ్యాహ్నం రొట్టె తినే వేళ ఆడవాళ్ళు డేరా ముందు చేరి వినేవాళ్ళు. జాతకం వినడానికి కూడా ఎవరూ అంతగా ఊపిరి బిగబట్టి కూర్చోరు.

"ఈ పదేను రూపాయలు ఏంది సారూ?" అంది అంబమ్మ ఒకరోజు.

"అరుగుదలమ్మా. మిషన్ నడిచినకొద్ది అరుగుతది. ఎనిమిది వేల గంటలకు పారెయ్యాలె. ఆ నష్టం ఇప్పటిసంది గంట గంటకు రాస్కోవాలె."

అంబమ్మ తన అరచేతులు చూసుకుంది. "మాకు లేదా, అరుగుదల?"

గురురాజ్ పుస్తకం రెండుసార్లు తిరగేశాడు. పాపం, మంచివాడు.

"దీంట్ల లేదమ్మా" అన్నాడు.

చివరికి లెక్క తేలింది. యంత్రం గంటలో చేసే పని నలభై మందికి ఒక పూట, అంటే సగం రోజు. యంత్రానికి ఇరవై ఎనిమిది. ఆడవాళ్ళ పూట కూలి ముప్పై. రెండు రూపాయల తేడాతో నలభై ఇళ్ళ పొయ్యిలు ఆరిపోయేలా ఉన్నాయి.

మర్నాడు తెల్లారగానే అంబమ్మ డేరా ముందు నిలబడింది. "దినానికి రూపాయి పావలాకు చేస్తం."

పూటకు ఇరవై అయిదు. యంత్రం మూడు రూపాయలు వెనకబడింది. ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు.

పాండురంగయ్యకు మాత్రం నిద్ర పట్టలేదు. "ఎనిమిది వేల గంటలేంది గురురాజ్? గట్టి మిషన్. మంచిగ చూస్కుంటే పన్నెండు వేలు నడవదా?"

గురురాజ్ పుస్తకం చూశాడు. మంచిగా చూసుకుంటే నడుస్తుందనే ఉంది. న్యాయం న్యాయమే. అరుగుదల పదిహేను నుంచి పదికి దిగింది, గంట ఖర్చు ఇరవై మూడయింది.

రాను రాను రాజు గుర్రం గాడిదయినట్టు, కూలి రూపాయి రెండణాలకు దిగింది. కాగితం మీద యంత్రానికి నాలుగు వేల గంటల ఆయుష్షు పెరిగింది. ఆడవాళ్ళకు పూటకో రొట్టె తగ్గింది.

పూటకు ఇరవై రెండున్నర. అర్ధరూపాయి తేడాతో మనుషులే అగ్గువ.

కాలువ పూర్తయ్యేదాకా అదే కూలి అని రాసి నలభై వేలిముద్రలు వేయించుకున్నాడు పాండురంగయ్య. "ఏం చేస్త, లచ్చా ఇరవై వేలు ఎండల ఎండవెట్టిన" అని నిట్టూర్చాడు. అంబమ్మ ఆ సాయంత్రం గుడిసెల దగ్గరికి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"మిషన్‌ను ఓడగొట్టినం పిల్లా!" అంది తనతో మట్టి తవ్వే నింగవ్వను పట్టుకుని. ఇద్దరికీ కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆయుధపూజ వచ్చింది. పాండురంగయ్య తక్కెడకు పూజ చేసుకోవడానికి రాయచూరు వెళ్ళాడు. దుర్గప్ప పండుగకని ఊరికి జారుకున్నాడు. ఆడవాళ్ళు పారలు, గడ్డపారలు కడిగి, బుట్టలకు కూడా బొట్లు పెట్టారు. అన్నీ అయ్యాక అంబమ్మ చూపు బుల్డోజరు మీద పడింది. దానిమీద ఆమెకు నిజంగానే జాలి కలిగింది. పని దొరక్కపోవడమంటే ఏమిటో ఆమెకు తెలుసు.

"మన మీద ఓడిపోయింది గానీ, అదీ పనిముట్టే గద. పండుగనాడు ఉత్తగ ఉంచొద్దు. పసుపూ కుంకుమా తే నింగీ."

దండం పెట్టి, టార్పాలిన్ ముడి విప్పి, పక్కరేకులు పైకెత్తి, ఇంజనుకు బొట్టు పెడదామని ఇటునుంచి అంబమ్మ, అటునుంచి నింగవ్వ లోపలికి చేతులు చాచారు. ఇంజను ఉండాల్సిన చోట ఏదీ అడ్డం రాక, ఆ ఖాళీ డొక్కలో కుంకుమ చేయీ పసుపు చేయీ ఒకదాన్నొకటి తాకాయి.