కుంకుమబొట్లు పెట్టిన పుస్తకం

"ఆ బీరువా తాళంచెవి ఇయ్యుండ్రి సార్," కంప్యూటర్ ఆపరేటర్ మగ్దలేనమ్మ మూడోసారి అడిగింది.

కరీంనగర్‌లోని ఆ ఆఫీసులో రేషన్ కార్డుల డేటాబేస్ తెరుచుకోక రెండు రోజులైంది. బయట వరుసలో జనం తిడుతున్నారు. దాన్ని బాగుచేసే పద్ధతి ఆ బీరువాలోని కంప్యూటర్ పుస్తకంలో ఉంది. 1996లో జిల్లా మొత్తానికి ఆ ఒక్క పుస్తకమే.

"దసరా పూజల వెట్టిన పుస్తకం, ముట్టద్దు," అన్నాడు ఆఫీసర్ సుదర్శన్‌రావు. "హైదరాబాద్‌ల ట్రైనింగ్ అయినోన్ని నేను. నువ్వేందమ్మా నాకు చెప్పేది?"

మొన్న ఆయన ఇచ్చిన మెమోలోనూ అదే మాట. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి వరండాలో తొమ్మిదిమంది ఆపరేటర్లకు ఆమె తనకు తెలిసినంత నల్లబల్ల మీద నేర్పుతోంది. ట్రైనింగ్ లేనివాళ్లు నేర్పకూడదు, క్లాసు ఆపాలి అని రాసి సంతకం పెట్టాడు.

"ట్రైనింగ్ అయినోల్లు రెండొద్దుల సంది ఏం జేస్తున్రు సార్? బయటోల్లకు బియ్యం మీరిస్తరా?"

ఆ అరుపుకు బయట వరుసలోని జనం తలుపులోంచి తొంగిచూశారు. ఆయన తాళంచెవి బల్ల మీద విసిరేశాడు.

మగ్దలేనమ్మ పుస్తకం బయటికి తీసింది. మూడు దసరాల కుంకుమబొట్లు ఉన్నాయి. అన్నీ ప్లాస్టిక్ కవరు మీదే. దాని సీలు ఇంకా ఊడలేదు.

సుదర్శన్‌రావు లేచి తలుపు దగ్గరికి వేశాడు.

"ట్రైనింగ్‌ల పదిహేను రోజులు కూసున్న. ఒక్క ముక్క సమజ్ కాలే," అన్నాడు మెల్లగా. "ఆదివారం నేనొస్తే... చెప్తవా?"

ఆమె కవరును పర్రున చింపింది. సంచిలోంచి మెమో తీసి ఆయన చేతిలో పెట్టింది.

"గిది మీరు చింపుండ్రి."