మెడలో పచ్చదీపం

ఏళ్ల తరబడి వకుళ తన బరువునీ బద్ధకాన్నీ మతిమరుపునీ థైరాయిడ్ ఖాతాలోనే వేసింది. ఇప్పుడు థైరాయిడ్ ఉన్నవాళ్లందరికీ మెడలో, చర్మం కింద ఒక పూస పెడుతున్నారు. కావలసిన మందు అదే వదులుతుంది. అంతా సవ్యంగా ఉంటే పచ్చగా వెలుగుతుంది.

స్టేషన్‌కి రావడం మరిచిపోయిన కోడలి ముందు అత్తగారు వర్ధనమ్మ పెట్టె దించింది.

"థైరాయిడ్ అత్తయ్యా, మతిమరుపు," అంది వకుళ, కొంగు మెడకు చుట్టుకుంటూ.

కొంగులోంచి పచ్చటి వెలుగు కనిపిస్తూనే ఉంది.

"ఇంకోటి చెప్పు."

ఇంకో సాకు వెతకాల్సిన అవసరం వకుళకు ఎన్నడూ పడలేదు. "సీరియల్ చూస్తూ నిద్రపోయాను," అని ఒప్పుకుంది.

వర్ధనమ్మ కుర్చీలో కూలబడి శాలువా తీసింది. ఆవిడ మెడలోనూ పచ్చదీపమే.

"మీ మామయ్యతో దెబ్బలాడి వచ్చేశానే. నా కోపం థైరాయిడ్‌దేనని ఇన్నాళ్లూ నమ్మారు పాపం. ఇప్పుడాయనకి ఏం చెప్పను?"