దాలయ్య కుడికన్ను

దాలయ్య కుడికన్ను బుధవారం ఉదయం పోయింది. ఆ మాట డాక్టర్ దేవీప్రసాద్ మెల్లగానే చెప్పాడు.

"లోపలంతా చీము పట్టింది. కంట్లోకి రెండుసార్లు మందు ఎక్కించాం. చీము తీశాం. అయినా చూపు రాదు."

దాలయ్య భార్య నూకాలు మొగుడి కట్టు వైపు చూసింది. శుక్లం ఆపరేషనై వారమే అయింది. జాలరిపేట నుంచి ఏడుగురు ఒకే వ్యాన్‌లో వచ్చారు. ఒకే రోజు అందరికీ చేశారు.

"మేమిచ్చిన చుక్కలు కాక ఇంకేమైనా వేశారా?"

నూకాలు తల దించుకుంది. "నిజం సెప్తాను బాబూ. సల్లగుంటాదని మా కోడలి పాలు రెండు సుక్కలేసినాను. మా పేటలో అందరూ ఏస్తారు."

"చనుబాలా? ఆపరేషనైన కంట్లోనా?"

"దాన్నేటీ అనకండి బాబూ. నానే ఎయ్యమన్నాను," అన్నాడు కంటికి కట్టుతో దాలయ్య.

"నువ్వెప్పుడడిగినావు మావా?"

"ఊరుకోయే. ఇకమీద నీ కోపం సగమే కనిపిస్తాది. నాకదే సుఖం."

నూకాలు నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పాలు ఎప్పుడు వేశారు?"

"మూడో రోజున. నొప్పి మాత్రం ఆపరేషనైన మర్నాటి నుంచే ఉంది బాబూ."

"నొప్పి వచ్చినా, ఎర్రబడినా, చూపు మసకేసినా గంటైనా ఆగకూడదని చెప్పాం కదమ్మా," అంటూ డాక్టర్ కాగితం మీద రాశాడు: 'ఇంట్లో కంట్లో చనుబాలు వేశారు.' దాన్ని ఆమె ముందుకు జరిపి, "ఇక్కడ వేలిముద్ర వెయ్యండి," అన్నాడు.

నూకాలు బొటనవేలు ఆనించింది. ముద్ర అలుక్కుపోయింది. మళ్ళీ వేయించారు.

"నా సేత్తోనే నీ కన్ను తీసేసినాను మావా."

"లే. ఆటో పోతాది."

గుమ్మం దగ్గర ఆమె వెనక్కి తిరిగింది. "బాబూ, మిగతా ఆరుగురి ఇళ్ళకీ నానే ఎల్తాను. నాను సేసిన తప్పు సెప్పి, పాలెయ్యొద్దంటాను."

"మంచిదమ్మా," అన్నాడు డాక్టర్. ఆయన తల ఎత్తలేదు.

వాళ్ళు వెళ్ళాక నర్సు హిమబిందు తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"సార్, నిన్న ల్యాబు నుంచి వచ్చిన కాగితం. దీన్నీ ఈ ఫైల్లోనే పెట్టమంటారా?"

"వద్దు. నా సొరుగులో ఉంచు."

ఆపరేషన్‌లో ఆ ఏడుగురి కళ్ళనూ క్రిములున్న సెలైన్‌తోనే కడిగారని ఇంకా ఎవరికీ చెప్పలేదు.