పదమూడు ఆర్లెంత?

"అమ్మాయ్, పదమూడు ఆర్లెంత?"

చివరి స్టాపులో బస్సు ఆగిందో లేదో, వెనకసీట్లోంచి ప్రశ్న వచ్చి పడింది.

డ్రైవరమ్మ ముఖం అప్పటికే జేవురించింది. చెమటలు ధారలు కడుతున్నాయి. షుగర్ పడిపోతోందన్న కంగారులో జేబులోంచి చాక్లెట్ తీస్తోంది.

"డెబ్బై ఎనిమిది! ఎందుకూ?"

"ఊరికే." ముసలావిడ ఆమె మణికట్టు పట్టుకుని చూసింది. "చెయ్యి వేడిగానే ఉంది. వణుకు లేదు. ముందు వేలికి సూది గుచ్చుకుని షుగర్ చూసుకో, తర్వాత చాక్లెట్."

నెల రోజులుగా ఇదే వరస. ఆవిడ రోజూ పొద్దున్నే ఎక్కి డ్రైవర్ వెనకసీటే పట్టుకుంటుంది. బస్సు కదులుతున్నంతసేపూ నోరు మెదపదు. ఆగిందా, లెక్క! కండక్టర్ ఆవిడకి లెక్కల టీచరమ్మ అని పేరు పెట్టాడు.

డ్రైవరమ్మకి అసలు ఒళ్లు మండేది ఆ కాలితో. తను బ్రేకు వేసినప్పుడల్లా ఆవిడ కుడికాలు కూడా నేలని ధన్‌మని తొక్కేది.

"నా బ్రేకు మీద అంత అపనమ్మకమైతే రైలెక్కమను" అని కండక్టర్ దగ్గర సణిగేది.

పోరు పడలేక సూది గుచ్చుకునేది. ముసలావిడ షుగర్ మీటరు చూసి నోటుబుక్కులో ఏదో రాసుకునేది. అంకె ఎప్పుడూ నూట అరవైకి తగ్గలేదు. మీటరే పాడైందని తేల్చేసి, డ్రైవరమ్మ చాక్లెట్ నోట్లో వేసుకునేది.

ఒకరోజు ఆవిడ లెక్క అడగలేదు. స్టాపులో ఆగిన బస్సు నిండా జనం.

"అమ్మాయ్, నెలసరి ఆగి ఎన్నాళ్లయింది?"

రహస్యంగానే అడిగాననుకుంది పాపం. వెనక తలుపు దగ్గరి పెద్దమనిషి కూడా జవాబు కోసం చెవులు రిక్కించాడు.

డ్రైవరమ్మకి తల కొట్టేసినట్టయింది.

"దిగండి."

"అది కాదమ్మాయ్..."

"మీరు దిగుతారా, నన్ను దిగమంటారా?"

ముసలావిడ దిగిపోయింది. మళ్లీ ఎక్కలేదు.

వారం తిరక్కుండా డిపో నుంచి కబురొచ్చింది. డ్రైవర్ స్టీరింగ్ ముందే చెమటలు కక్కుతోందని ఎవరో ఫిర్యాదు చేశారట. డాక్టర్ తేల్చేదాకా బస్సెక్కొద్దన్నారు. షుగర్ పడిపోతోందని తేలితే పదహారేళ్ల స్టీరింగ్ పోయినట్టే. జనం మరిచిపోయిన గొడుగులకి కాపలా కాసుకుంటూ డిపోలో కూర్చోవాలి. తలుచుకుంటేనే ఆమెకి ఏడుపొచ్చింది.

"ఇది ఆ ముసలమ్మ పనే!" అని పళ్లు నూరింది.

డిపో డాక్టరమ్మ బల్ల మీద అదే నోటుబుక్కు కనిపించింది.

"ఒక పెద్దావిడ నిన్న ఇచ్చి వెళ్లారు. మిమ్మల్ని బస్సెక్కొద్దన్నారని కండక్టర్ చెప్పాడట. మిమ్మల్ని చూసేముందు చదవమన్నారు."

"చదవండి! ఎన్ని చాడీలు రాసిందో నేనూ వింటా."

డాక్టరమ్మ చదివింది. "'పొద్దున టైము పదీ పది. చెమట. మీటరు నూట ఎనభై. వణుకు లేదు. పదమూడు ఆర్లు సరిగ్గా చెప్పింది. పదిహేడు ఎనిమిదులు సరిగ్గా చెప్పింది, తిట్టింది కూడా.' ఇలాంటివి నలభై ఉన్నాయి. మీ మీటర్లోనూ ఇవే అంకెలు. ఒక్కసారీ షుగర్ పడిపోలేదు. బాగా పడిపోతే లెక్క తప్పుతుంది, మాట తడబడుతుంది. నెలసరి ఆగి ఎన్నాళ్లయింది?"

ఈసారి డ్రైవరమ్మ తల వంచుకుని చెప్పింది. "ఎనిమిది నెలలు. కానీ నాకింకా నలభై ఒకటే కదండీ!"

"షుగర్ ఎప్పటినుంచి?"

"ఇరవయ్యో ఏటినుంచి."

"చిన్న వయసులో షుగర్ వచ్చినవాళ్లలో కొందరికి నెలసరి తొందరగానే ఆగిపోతుంది. ఈ చెమటలు అప్పుడొచ్చే వేడి ఆవిర్లలాగే ఉన్నాయి. రెండు వారాలు పరీక్షలు చేసి, అదే తేలితే రాసిస్తాను. మీ స్టీరింగ్ ఎక్కడికీ పోదు. ఆ చాక్లెట్లు మాత్రం ఊరికూరికే తినకండి."

డ్రైవరమ్మకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే సిగ్గేసింది. ఆవిడ చిరునామా ఉందేమోనని నోటుబుక్కు ముందు పేజీలు తిప్పింది.

అక్కడ సిరా వెలిసిపోయి ఉంది. అదే చేతిరాత, అదే రూటు, అవే చెమటలు. తారీఖులు మాత్రం ముప్పయ్యేళ్ల కిందటివి.

వాటిలో ఆఖరి రోజు దగ్గర ఇలా రాసి ఉంది: "నాకు నలభై ఒకటి. డ్రైవరుగా ఇదే ఆఖరు రోజు. చెమటలన్నీ షుగర్ పడిపోవడం వల్లే అన్నారు, కాదని చెప్పడానికి నా వెనకసీట్లో ఎవరూ లేరు."